డ్రిఫ్ట్ డైవ్‌కి సురక్షితమైన సైట్ ఎంచుకోవడం ఎలా: తేలే చోటు నుంచి వెనక్కి లెక్క

నలభై యాభై స్కూబా డైవ్‌లు పూర్తయ్యాక చాలామందికి కలిగే కోరిక ఒకటే. ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) పెద్దగా ఆడించకుండా, నీరే మోసుకుపోతుంటే రీఫ్ (పగడపు దిబ్బ) పక్కన జారిపోవాలి. అదే డ్రిఫ్ట్ డైవ్. ఆ వెంటనే అడిగే ప్రశ్న: ఏ సైట్‌కి వెళ్లాలి?

పేర్లు చెప్పడం తేలికే. కానీ ఒకే సైట్ పొద్దున పదింటికి పిల్లకాలువలా ఉండి, మధ్యాహ్నానికి వరదొచ్చిన ఏరులా మారిపోతుంది. అందుకే సైట్‌ని ఎలా తూచాలో వరుసగా చెబుతాను. నా పద్ధతిలో లెక్క నీళ్లలోకి దూకే చోట మొదలవదు, పైకి తేలే చోట మొదలవుతుంది. అక్కడ బోటు మిమ్మల్ని అందుకోగలదని తేలాకే మిగతా లెక్కలు.

1. ముందు మీ స్థాయి తేల్చుకోండి

ఈ మార్గదర్శి ఎవరికోసమంటే: అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉండి, 40 నుంచి 100 డైవ్‌లు చేసి, ప్రవాహాన్ని రెండు మూడు సార్లైనా రుచి చూసినవారికి.

ప్రవాహాన్ని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, అంటే నిమిషానికి సుమారు 30 మీటర్లు. ఈ 30 అంకెను గుర్తుంచుకోండి. కింద వచ్చే ప్రతి లెక్కా దీంతోనే.

చాలామంది డైవర్లు పూర్తి సామానుతో నిలకడగా ఎదురీదగలిగే వేగం ఒక నాట్ లోపే. అది దాటాక ఏటికి ఎదురీదినట్టే: ఎయిర్ ఖర్చవుతుంది, దూరం తరగదు. అందుకే నేను పెట్టుకునే హద్దులు ఇవి:

- అర నాట్ లోపు: సాధనకు సరిపోతుంది, గైడ్ లేకున్నా బడ్డీతో (జతగా దిగే డైవర్‌తో) చేయొచ్చు.
- అర నుంచి ఒక నాట్: మీ స్థాయికి అసలైన చోటు ఇదే.
- ఒకటి నుంచి రెండు నాట్లు: ఆ సైట్ తెలిసిన గైడ్ ఉండాలి, రీఫ్ తిన్నగా పొడవుగా ఉండాలి, బోటు మీ బుడగల వెంటే రావాలి. మూడూ ఉంటేనే.
- రెండు నాట్లు దాటితే: ఈసారికి వద్దు.

సైట్ వెతకడానికి ముందే, నీరు కదలని చోట ఈ మూడు పనులు చేసి చూసుకోండి:

- పట్టుకోవడానికి ఏమీ లేని చోట 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు, మీటరు కూడా పైకీ కిందికీ పోకుండా నిలబడగలరా?
- అదే లోతులో, అలా నిలబడే ఎస్‌ఎంబీని (బోటుకు కనబడేలా నీటిపైకి వదిలే గాలి గొట్టం) ఊది పైకి వదలగలరా?
- బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్) ఖాళీ చేసుకుని దూకి, నిమిషంలోపు 10 మీటర్లకు దిగగలరా? చెవులు అందుకు సహకరిస్తాయా?

ఒక్కదానికి ‘లేదు’ అన్నా, ముందు దాన్ని సాధన చేయండి.

2. మ్యాప్‌ని దిగువ నుంచి చదవండి

సైట్ మ్యాప్ చేతికిస్తే అందరి చూపూ దిగే చోటు మీదికే పోతుంది. మీరు మాత్రం నీటివాలున దిగువకు పోయి, చివర ఏముందో ముందు చూడండి.

లెక్క తేలిక. 40 నిమిషాల డైవ్, ఒక నాట్ ప్రవాహం: 40 × 30 = 1200 మీటర్లు. రీఫ్ పొడవు 800 మీటర్లే అయితే 27వ నిమిషానికి రీఫ్ అయిపోతుంది. మిగతా డైవ్ అంతా అడుగు కనబడని నీలి నీటిలోనే.

ఇప్పుడు అదే లెక్క రెట్టింపు వేగంతో వేయండి. ప్రవాహం అనుకున్నదానికి రెండింతలుండటం అరుదేమీ కాదు. 2400 మీటర్ల దిగువన ఏముంది? ఇసుక మేట, లోతు తక్కువ లగూన్ (రీఫ్ లోపలి మడుగు), ప్రశాంతమైన అఖాతం ఉంటే సరే. ఓడలు తిరిగే దారి, అలలు విరిగిపడే రాళ్లు, తెరిచిన మహాసముద్రం ఉంటే ఆ సైట్‌ని పక్కన పెట్టేయండి, పైభాగం ఎంత అందంగా ఉన్నా.

దిగువ చూడాల్సినవి:

- రీఫ్ చివర్లో సేఫ్టీ స్టాప్ (తేలే ముందు కొన్ని నిమిషాలు ఆగడం) చేయడానికి 5–8 మీటర్ల లోతు మెరక ఉందా?
- ప్రవాహం మిమ్మల్ని తీరానికో, లగూన్‌లోకో తోస్తుందా, లేక బయటికి లాగేస్తుందా?
- మధ్యలో ఆపేయాల్సి వస్తే తేలడానికి కనీసం రెండు చోట్లున్నాయా?
- అక్కడికి బోటు వచ్చే లోతు, వెడల్పు ఉన్నాయా?

మూడో ప్రశ్న చాలామంది అడగరు. చివరిదాకా వెళితే తప్ప పైకి రాలేని సైట్ మీ స్థాయికి పనికిరాదు. చెవి నొప్పి, మాస్క్ లీకు, బడ్డీకి కంగారు... ఇవేవీ రీఫ్ చివరిదాకా ఆగవు.

3. అడుగు ఆకారం చూస్తే ప్రవాహం నడత తెలుస్తుంది

నీరు ఇరుకులో వడిగా పోతుంది, వెడల్పులో నెమ్మదిస్తుంది. అంచు తగిలితే పైకో కిందికో తిరుగుతుంది. మ్యాప్‌లో లోతు గీతలు దగ్గరపడ్డ చోట్లను ఈ దృష్టితో చూడండి.

తీరానికి సమాంతరంగా సాగే పొడవాటి రీఫ్. మొదటి ఎంపిక ఇదే. మెక్సికోలోని కోజుమెల్ పడమటి తీరం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ప్రవాహం ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడి సాగుతుంది, బోటు బుడగల వెంట వస్తుంది. అయినా ఆ దీవిలోని సైట్లన్నీ ఒకటి కాదు. పలాంకార్ ప్రాంతంలో మొదలుపెట్టవచ్చు. ఉత్తర కొసనున్న బారకూడా రీఫ్ అనుభవం పండినవారికి. దీవి పేరు చూసి కాదు, సైట్ పేరు అడిగి ఒప్పుకోండి.

పాస్, అంటే పగడపు వలయం మధ్యలో తెగిన దారి. లగూన్ నిండేటప్పుడు నీరు లోపలికి, తగ్గేటప్పుడు బయటికి పోతుంది. లోపలికి పోయేటప్పుడే దిగాలి: సముద్రపు తేటనీరు వస్తుంది, మీరు కొట్టుకుపోయినా లగూన్‌లోనే తేలతారు. బయటికి పోయే నీరు సముద్రపు అలలకు ఎదురుపడి పాస్ నోట్లో నిలువెత్తు కెరటాలు లేపుతుంది, డైవర్లను బయటికి లాక్కెళుతుంది. ఫ్రెంచ్ పాలినీషియాలోని రంగిరోవాలో తిపూతా పాస్ దగ్గర ఆ కెరటాలను ఒడ్డు నుంచే చూడొచ్చు.

అదే ఫ్రెంచ్ పాలినీషియాలోని ఫకరావాలో రెండు పాస్‌లున్నాయి. ఉత్తరాన గారువే ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెడల్పు. దక్షిణాన తుమాకొహువా అందులో చిన్న భాగమంత. ఒకే లగూన్ నీరే అయినా రెండు చోట్లా డైవ్ తీరు వేరు. మీ స్థాయిలో దక్షిణపు పాస్‌తో మొదలుపెట్టడం మేలు.

మొనలు, మూలలు. ప్రవాహం ఇక్కడ రెండుగా చీలుతుంది. పసిఫిక్ దీవుల దేశం పలావులోని బ్లూ కార్నర్ పేరు వినే ఉంటారు. అక్కడ రీఫ్ హుక్‌ని (తాడు కట్టిన కొక్కెం) పగడం చచ్చిన రాతికి తగిలించి, గాలిపటంలా వేలాడుతూ చూస్తారు. హుక్ వాడటం నేర్పే గైడ్‌తో, నీటి వడి తక్కువ ఉన్న రోజున తప్ప వద్దు. హుక్ తీసేముందు బీసీడీలో వేసిన గాలిని తీయడం మరిచినవాళ్లు గబుక్కున పైకి లేచిపోతారు.

నీటిలోంచి నిటారుగా లేచిన ఒంటి దిబ్బలు. ఇండోనేషియాలో కొమోడో దగ్గరి బాటు బొలాంగ్, కాజిల్ రాక్ ఇలాంటివి. ప్రవాహం దిబ్బకు కొట్టుకుని చుట్టూ తిరుగుతుంది. వెనక పక్క నీడలో ఉన్నంతసేపూ హాయి, ఆ నీడ గీత దాటితే నీలి నీటిలోకే. గురి తప్పితే రెండో అవకాశం ఉండదు. గురి సరిగ్గా కుదిరిన డ్రిఫ్ట్‌లు ఒక ఇరవై చేశాక వీటి గురించి ఆలోచించండి.

ఇరుకు జలసంధులు. నార్వేలోని సాల్ట్‌స్ట్రౌమెన్ లాంటివి. ఆటుపోట్ల మధ్య నీరు నిలకడగా ఉండే కొద్ది నిమిషాల్లో తప్ప దిగని చోట్లు. వీటిని డ్రిఫ్ట్ సైట్లుగా లెక్కించనే వద్దు.

ఇక నిటారు గోడలున్న ప్రతి సైట్‌లోనూ అడగాల్సిన మాట: ఇక్కడ కిందికి లాగే ప్రవాహం ఉంటుందా? బాలి పక్కన నూసా పెనీడాలోని క్రిస్టల్ బే బయటి అంచున అది పేరుమోసింది. గుర్తులు ముందే కనిపిస్తాయి: మీ బుడగలు పైకి పోకుండా సుడి తిరుగుతాయి లేదా కిందికి పోతాయి, గోడ వెంట చేపలు తల పైకెత్తి ఈదుతుంటాయి, నీరు ఉన్నట్టుండి చల్లబడుతుంది.

లాగడం మొదలైతే నిట్టనిలువుగా పైకి తన్నుకోవద్దు. చేతికందే చచ్చిన రాయి ఉంటే పట్టుకుని గోడ వెంట పాకుతూ పైకి రండి. లేదంటే గోడకు దూరంగా ఏటవాలుగా ఈది, లాగే నీటి పట్టీ దాటండి. బీసీడీలో గాలి కొద్దికొద్దిగా వేయండి, కళ్లు లోతు చూపే డైవ్ కంప్యూటర్ మీదే ఉంచండి. ప్రవాహం వదిలిన మరుక్షణం ఆ గాలి తీసేయాలి.

4. ఆటుపోటు నీరా, సముద్ర ప్రవాహమా?

ఈ తేడా తెలియక చాలామంది తప్పు పట్టిక చూసుకుంటారు.

ఆటుపోట్లతో నడిచే నీరైతే లెక్క ముందే వేయవచ్చు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉన్న చోట ఒక పోటు నుంచి తర్వాతి పోటుకు 12 గంటల 25 నిమిషాలు. అందుకే సమయం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ‘నిన్న పదింటికి బాగుంది కాబట్టి ఇవాళా పదింటికే’ అంటే కుదరదు.

కోజుమెల్, ఫ్లోరిడా తూర్పు తీరం లాంటి చోట్ల నడిపించేది ప్రధానంగా మహాసముద్రపు ప్రవాహం. పట్టిక అక్కడ అంతగా పనికిరాదు. ఆ పొద్దున నీళ్లలోకి దిగి వచ్చినవారి మాటే పట్టిక.

మాల్దీవుల్లో రుతువు కూడా కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ప్రవాహం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది కాబట్టి, తూర్పు వైపు పాస్‌లలో తేటనీరు లోపలికి వస్తుంది. నైరుతి కాలంలో ఇది తారుమారు.

5. రోజు, గంట

అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మూడు రోజులు ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహం జోరు. అష్టమి చుట్టూ చిన్నవి. కొత్త సైట్‌కి మొదటిసారి వెళ్లేది అష్టమి దరిదాపుల్లో పెట్టుకోండి. టికెట్లు కొనే ముందే క్యాలెండర్ చూస్తే ఖర్చు లేకుండా దొరికే భద్రత ఇదొక్కటే.

గంట విషయానికొస్తే, నీరు నిలిచిన క్షణం నుంచి లెక్కేయండి. ఆరు గంటల ఆటులోనో పోటులోనో వేగం ఇలా మారుతుందని ఒక మోటు లెక్క:

- మొదటి గంట చివరికి: గరిష్ఠ వేగంలో సగం
- రెండో గంట చివరికి: 90 శాతం
- మూడో గంటకు: పూర్తి వేగం
- ఆ తర్వాత అదే వరుసలో తగ్గుదల

గరిష్ఠం రెండు నాట్లయితే మొదటి గంట చివరికే ఒక నాట్. అంటే ఆ సైట్‌లో మీకు నీరు నిలిచిన తర్వాతి గంటో, మళ్లీ నిలిచే ముందు గంటో మాత్రమే ఉంది. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను: డైవ్ సాగేకొద్దీ నీరు నెమ్మదిస్తుంది, తేలే వేళకు పని సులువవుతుంది. ఒక షరతు: నీరు నిలిచాక వెనక్కి తిరుగుతుంది కాబట్టి అప్పటికి మీరు బోటు మీద ఉండాలి. పాస్‌లలో ఇది మరీ ముఖ్యం.

ఇంకో మెలిక. పట్టికలో రాసిన పోటు సమయం, నీరు నిలిచే సమయం ఒకటే అనుకోవద్దు. లగూన్‌లలో అలలు రీఫ్ మీంచి దూకి లోపల నీటిని నింపేస్తుంటాయి. అలలు పెద్దవైన రోజుల్లో బయటికి పోయే ప్రవాహం ఎక్కువసేపు, ఎక్కువ జోరుగా ఉంటుంది. అక్కడి సరంగుని అడగండి: ‘ఈ వారం పట్టికకు ఎంత తేడాగా నిలుస్తోంది?’ జవాబు నిమిషాల్లో చెబితే అతను ఆ నీటిని ఎరిగినవాడు.

6. గాలి, వెలుతురు

గాలి ప్రవాహానికి ఎదురుగా వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ఆ అలల మధ్య మీ తల సంగతి అటుంచి, ఎస్‌ఎంబీ కూడా కనబడదు. కింద అంతా బాగుందని తెలిసినా పైన ఇలా ఉంటే నేను దిగను.

తప్పిపోతే వెతకడానికి వెలుతురు కావాలి. తేలాక కనీసం మూడు గంటల పగలు మిగిలేలా డైవ్ పెట్టుకోండి. సాయంత్రపు డ్రిఫ్ట్ వద్దు.

7. బోటు మంచిదైతేనే సైట్ మంచిది

ఒకసారి తేలేసరికి మా బోటు దూరంగా ఇంకో గుంపుని ఎక్కించుకుంటోంది. సరంగు ఒక్కడే, రెండు గుంపులు రెండు చోట్ల తేలాయి. మా దగ్గరికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండు నాట్ల నీటిలో ఇరవై నిమిషాలంటే 1200 మీటర్లు. ఆ రోజు నుంచి కింది ప్రశ్నలు అడగకుండా ఏ బోటూ ఎక్కలేదు. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు; అదీ ఒక జవాబే.

- మేం నీటిలో ఉన్నంతసేపూ బోటు లంగరు వేయకుండా మా వెంటే వస్తుందా?
- ఒక్కో బోటుకు ఎన్ని గుంపులు? వేర్వేరుగా తేలితే ముందు ఎవరిని ఎక్కిస్తారు?
- సరంగుతో పాటు నీటిని కనిపెట్టి చూసే మనిషి ఇంకొకరున్నారా?
- దిగేముందు ప్రవాహాన్ని ఎవరు, ఎలా పరీక్షిస్తారు?
- బోటులో ఆక్సిజన్, రేడియో ఉన్నాయా?
- బడ్డీ కనబడకపోతే ఏం చేయాలి? (ఒక నిమిషం వెతికి, దొరక్కపోతే పైకి రావాలి. గైడ్ వేరే మాట చెబితే ఎందుకో అడగండి.)
- ఏ పరిస్థితిలో డైవ్ రద్దు చేస్తారు?

చివరి ప్రశ్నకు ‘మేమెప్పుడూ రద్దు చేయం’ అన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

8. ఎయిర్ లెక్క

‘50 బార్‌తో (బార్ అంటే ఒత్తిడి కొలత) పైకి రావాలి’ అన్న మాట అందరికీ కంఠతా వచ్చు. ఎంత మిగిలినప్పుడు పైకి బయలుదేరాలి అన్నదే అసలు ప్రశ్న. 25 మీటర్ల లోతులో బడ్డీ ఎయిర్ అయిపోయిందనుకోండి. కంగారులో ఇద్దరూ చెరో 30 లీటర్లు, మొత్తం నిమిషానికి 60 లీటర్లు పీలుస్తారు.

- తేరుకోవడానికి ఒక నిమిషం, ఆ లోతులోని 3.5 బార్ నీటి ఒత్తిడి దగ్గర: 210 లీటర్లు
- పైకి రావడానికి 3 నిమిషాలు, సగటు 2.25 బార్: 405 లీటర్లు
- సేఫ్టీ స్టాప్ 3 నిమిషాలు, 1.5 బార్: 270 లీటర్లు

మొత్తం 885 లీటర్లు. మామూలు అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లు; 885ని దాంతో భాగిస్తే దాదాపు 80 బార్. ఈ లోతులో గేజ్ 80 చూపేసరికి పైకి ప్రయాణం మొదలై ఉండాలి. దీన్ని సైట్‌తో పోల్చండి: మీరు 80కి వచ్చే నిమిషానికి ప్రవాహం మిమ్మల్ని ఎక్కడికి చేరుస్తుంది? ఆ చోటు 2వ మెట్టులో గుర్తుపెట్టిన తేలే చోట్లలో ఒకటి కాకపోతే లోతు తగ్గించండి, లేదా సైట్ మార్చండి.

9. సామాను

- ఒక్కొక్కరికీ సొంత ఎస్‌ఎంబీ, దాని తాడు చుట్టే రీల్ లేదా స్పూల్. బడ్డీల ఇద్దరికీ కలిపి ఒకటి కాదు.
- విజిల్, చిన్న అద్దం, టార్చ్.
- తెరిచిన సముద్రంలోనైతే, డైవర్లకోసం చేసిన జీపీఎస్ బీకన్.
- వేలాడే గొట్టాలు, క్లిప్పులు ఒంటికి దగ్గరగా. ప్రవాహంలో ప్రతిదీ రీఫ్‌కి తగులుకుంటుంది.

10. దూకే ముందు ఆఖరి పరీక్ష

బోటు సైట్ చేరాక, ఇంజన్ ఆపకముందే లంగరు బోయను చూడండి. బోయ పక్కకు ఒరిగి, వెనక నురగ చార ఉంటే ప్రవాహం బలంగా ఉన్నట్టే.

కట్టి ఉన్న బోటు మీంచి ఆకో కొమ్మో తేలేదాన్ని ముందువైపు వేసి, వెనక కొస చేరేదాకా సెకన్లు లెక్కపెట్టండి. 10 మీటర్ల బోటు పొడవు 20 సెకన్లలో దాటితే సుమారు ఒక నాట్. పైనీరు ఒక దిక్కుకు, లోతునీరు ఇంకో దిక్కుకు పోవచ్చు. అందుకే గైడ్ ఒకసారి మునిగి చూసి రావాలి.

ఇవన్నీ ‘అవును’ అయితేనే దిగండి:

- వేగం, దిక్కు ముందు చెప్పినట్టే ఉన్నాయి.
- నీటిలో కనుచూపు కనీసం 10 మీటర్లు.
- అందరూ ఒకేసారి దూకడానికి సిద్ధం.
- తేలే చోటు, రెండో తేలే చోటు అందరికీ తెలుసు.
- ఎస్‌ఎంబీ ఎవరు, ఎప్పుడు వదులుతారో తేలింది.
- మీ మనసు దిగమంటోంది.

చివరిదాన్ని కొట్టిపారేయకండి. వద్దనడానికి కారణం చెప్పాల్సిన పని లేదు.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఒకరొకరుగా దూకడం. రెండు నాట్ల నీటిలో అర నిమిషం ఆలస్యమైతే మధ్యలో 30 మీటర్లు. కనుచూపు 20 మీటర్లే ఉంటే గుంపు అప్పుడే రెండయినట్టు. సవరణ: మాస్క్, రెగ్యులేటర్ (గాలి పీల్చే నోటి పరికరం) పెట్టుకుని అందరూ అంచున కూర్చోవాలి, ఒక్క కేకకు దూకాలి.

తాబేలు కనబడిందని ఆగడం. మీరు ఆగుతారు, గుంపు ఆగదు. సవరణ: ముందుకు చూస్తూ పోండి, ఫొటో తీయాలంటే ఎగువ నుంచే సిద్ధమవ్వండి. రాతి చాటున ప్రవాహం తగ్గే చోటుంటే గైడే ఆపుతాడు.

ఒకరు పైన, ఒకరు అడుగున పోవడం. అడుగు దగ్గర రాపిడి వల్ల నీరు కాస్త నెమ్మదిగా ఉంటుంది. బడ్డీ మీటరు పైన, మీరు అడుగున ఉంటే దూరం పెరుగుతుంది. సవరణ: అందరూ ఒకే లోతు.

ఎస్‌ఎంబీ పైకొచ్చాక ఊదడం. అప్పటికే బోటు మీ మీంచి వెళ్లి ఉండొచ్చు. సవరణ: సేఫ్టీ స్టాప్ మొదలవక ముందే వదలండి. తాడు బిగుతుగా పట్టండి, లేకపోతే గొట్టం నీటి మీద పడుకుంటుంది, దూరానికి కనబడదు.

పైకొచ్చాక బోటు వైపు ఈదడం. సరంగు మీ గొట్టాన్ని చూసి వస్తాడు. మీరు కదిలితే అతని లెక్క తప్పుతుంది. సవరణ: బీసీడీ నింపుకుని, గుంపుగా చేతులు పట్టుకుని, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని ఆగండి. ఇంజన్ న్యూట్రల్‌కి వచ్చిందని సరంగు సైగ చేశాకే నిచ్చెన దగ్గరికి వెళ్లండి.

12. లాగ్‌బుక్‌లో ఇవి కూడా రాయండి

చేపల జాబితా తర్వాత ఎప్పుడైనా రాసుకోవచ్చు. తడి ఆరకముందే ఇవి రాయండి: తిథి, పట్టికలోని పోటు సమయం, నీరు నిజంగా నిలిచిన సమయం, దిగిన చోటు, తేలిన చోటు, రెండింటి మధ్య దూరం, పట్టిన నిమిషాలు. దూరాన్ని నిమిషాలతో భాగించి, వచ్చినదాన్ని 30తో భాగిస్తే ఆ రోజు సగటు నాట్లు తెలుస్తాయి. ఉదాహరణకు 42 నిమిషాల్లో 1500 మీటర్లు: నిమిషానికి 36 మీటర్లు చొప్పున, ఒకటీ పాయింట్ రెండు నాట్లు. పక్కన గైడ్ ముందుగా చెప్పిన అంకె కూడా రాసి పెట్టుకోండి.